చప్పుడు ఉన్నప్పుడు

నెల్లిమర్ల జూట్ మిల్లులో
చెవి పక్కన పిడుగు పడినా తెలిసేది కాదు.
వైండింగులో చేరిన రోజు
మేస్త్రీ గౌరమ్మ మొదట నేర్పింది దారం ముడి కాదు.
రెండు వేళ్లు పెదవికి తాకిస్తే టీ,
చెంపకి అరచెయ్యి ఆనిస్తే ఇంట్లో పిల్లకి జ్వరం,
ముక్కు పట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడు.
మిగతాదంతా మూతిని చూసి పోల్చుకోవాలి.
"అరవకే గుంటా, గొంతు పోద్ది. పెదాలు కదుపు, సాలు."

తవిటయ్య బాబిన్ల బండి తోసుకొచ్చేవాడు.
నార నూగు కనుబొమ్మల మీద పేరుకుని
ఇరవై ఏళ్లకే ముసలాడిలా ఉండేవాడు.
ఒక బి షిఫ్టులో నా ఫ్రేము దగ్గర ఆగి
పెదవులు కలిపి, విడదీశాడు.
"ఒక పాట" అన్నాడనుకున్నాను.

ఇదేం కోరిక!
రాత్రంతా నిద్ర లేదు.
మర్నాడు, మా అప్ప పెళ్లిలో పాడిన నలుగు పాట
ఫ్రేము ముందు నిలబడి మొత్తం పాడాను.
నా గొంతు నాకే వినపడలేదు.
బండి దారికి అడ్డంగా వదిలేసి
అలా చూస్తూ ఉండిపోయాడు.
అరపూట జీతం కోశారు, అతనికి.

పెళ్లయ్యాక చెప్పాడు,
అడిగింది పాట కాదంట, మాటంట.
పెదవుల మీద ప, బ, మ ఒకటే కదా.
పాటా మాటా బాటా
అక్కడ ఒకే తలుపు తీసుకుని వస్తాయి.
"మరి ఆ మాటేటి మావా?"
"నువ్వు పాడేసాక ఇంకేటుంది."

మొదటి రాత్రి భయపడ్డాను.
చప్పుడు లేని గదిలో ఆ గొంతు
నేననుకున్నది కాదు,
సన్నగా, ఇంకెవరిదోలా.
తర్వాత అలవాటు కొద్దీ ఇద్దరం అరుచుకునేవాళ్లం.
"బువ్వ తిన్నావా" అంటే
పక్కింటి ఎర్రయ్యమ్మ తగువు తీర్చడానికి వచ్చేసేది.

గేటుకి తాళం పడిన ఏడు
ఊరు ఊరంతా చెవిలో దూది పెట్టుకున్నట్టయింది.
మావ విజీనారంలో వాచ్‌మేన్ పనికి కుదిరాడు.
ఏం చెప్పినా ఊ.
పాపకి జ్వరమంటే ఊ. అద్దె పెంచారంటే ఊ.
పుస్తెలు తాకట్టు పెడదామా అన్నా ఊ.
ఇక నేనూ మానేశాను.
పళ్లెం పెట్టి పక్కగదిలోకి పోయేదాన్ని.
ఎన్ని నెలలో లెక్కపెట్టలేదు.
ఒకే పొయ్యి మీద
ఇద్దరు అద్దెకున్నవాళ్లం.

రేషన్ కార్డు పని మీద పోతూ
రైలు గేటు దగ్గర ఆగాం.
రాయగడ వైపు గూడ్సు.
నేల అదిరింది. అరికాళ్లలోంచి మిల్లు లేచినట్టయింది.
ఆ అదురులో మావ నా వైపు తిరిగాడు.
చాన్నాళ్లకి నా ముఖంలోకి చూసి
పెదవులు కదిపాడు.
"అసిరీ, నాకు ఇనపడదు. రెండేళ్లయింది."
అక్షరం పొల్లుపోకుండా అందింది.
"సెప్పొచ్చు గదా" అన్నాను, గొంతు లేకుండా.
"సిగ్గేసింది."
చివరి పెట్టె వెళ్లిపోయింది. గేటు లేచింది.
వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు బల్బు కింద కూర్చుంటాను,
వెలుతురు నా మూతి మీద పడేలా.
వీపు తిప్పి ఉంటే మాట్లాడను, భుజం తట్టాకే.
కోపమొచ్చినా ఎదురుగా నిలబడే కోప్పడాలి,
అదే కష్టం.
సగం తిట్టు దగ్గర నవ్వొచ్చేస్తాది.

నిన్న సాయంత్రం
"సంతలోకి కొత్త బెల్లం వచ్చిందంట, తెచ్చుకో" అన్నాను.
కాసేపు నా పెదవులకేసి చూసి
"కొత్త పెళ్లామా? పాతది బాగానే ఉంది గదా"
అన్నాడు, వీధంతా వినపడేటట్టు.
ఎర్రయ్యమ్మ కిటికీ తెరిచింది.
నిజంగా పొరబడ్డాడో, వేళాకోళమో
అడగలేదు.
గోనెసంచీ చేతికిచ్చాను.